దోహా వార్త కవిటికి చేరే దారి

కిందటి సంచికలో ఒక పాఠకుడికి జవాబిస్తూ మన టీవీ ఛానెళ్ల విదేశీ వార్తల గురించి నాలుగు వాక్యాలు రాశాను. ఆ నాలుగు వాక్యాలు చాలవంటూ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఉత్తరాలు వచ్చాయి. ఈసారి మిగిలిన ప్రశ్నలు పక్కన పెట్టి, వాటికే జవాబులు ఇస్తున్నాను. ముందుగా ఉద్దానం నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం.

ప్రశ్న: మా పెద్దబ్బాయి దోహాలో ఏసీ మెకానిక్. 2025 జూన్ 23 రాత్రి ఖతార్‌లో ఉన్న అమెరికా స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వేసిందని టీవీలో వచ్చింది. ఏటైందో ఏటో అని ఛానెళ్లు మార్చి మార్చి చూశాం. ఆకాశంలో మెరుపులు లేస్తున్న ఒకే బొమ్మ అన్నింటిలోనూ తిరిగింది. ఆ స్థావరం ఊరికి ఎంత దూరమో, విమానాశ్రయం తెరిచి ఉందో మూసేశారో, మనవాళ్లు ఏం చేయాలో ఒక్కరూ చెప్పలేదు. ఒంటిగంటకు వాడే ఫోన్ చేసి “ఏటీ అవలేదమ్మా, పడుకోండి” అన్నాడు. ఇన్ని ఛానెళ్లుండి ఒక్కరికీ అక్కడ మనిషి లేడా? (ఒక పాఠకురాలు, కవిటి)

జవాబు: నాకు తెలిసినంతలో లేడమ్మా. గల్ఫ్ దేశాల్లో జీతమిచ్చి ఒక విలేకరినీ, ఒక కెమెరామన్‌నూ నిలపడమనే పనిని మన వ్యాపార ఛానెళ్లు పెట్టుకోలేదు. మీ మండలంలో ఛానెల్‌కు పనిచేసే స్ట్రింగర్‌కు, అంటే జీతం లేని స్థానిక విలేకరికి, ఐటెమ్‌కు (పంపిన ఒక్కో వార్తకు) ఇంతని ఇస్తే సరిపోతుంది. విదేశంలో మనిషిని పెట్టాలంటే ఆ ప్రభుత్వం అనుమతి, వీసా, ఇంటి అద్దె, బీమా, కెమెరా, కారు, భాష తెలిసిన స్థానిక సహాయకుడు, ఇవన్నీ కావాలి. ఆ ఖర్చు పెట్టినా రోజూ వార్త వస్తుందన్న నమ్మకం లేదు. అందువల్ల బొమ్మను కొనుక్కుంటారు. న్యూయార్క్ కేంద్రంగా ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్), లండన్ కేంద్రంగా రాయిటర్స్, పారిస్ కేంద్రంగా ఏఎఫ్‌పీ అనే మూడు పెద్ద సంస్థలు ప్రపంచమంతటా కెమెరాలు పెట్టుకుని, చందా కట్టిన ఛానెళ్లకు దృశ్యాలు పంపుతాయి. మీరు ఛానెల్ మార్చినా బొమ్మ మారకపోవడానికి కారణం ఇదే.

కొన్నేళ్ల కిందట హైదరాబాదులో ఒక ఛానెల్ డెస్కులో నేను రాత్రి డ్యూటీలు చేశాను కనుక ఆ బొమ్మ లోపలికి ఎలా వస్తుందో దగ్గర నుంచి చూశాను. దృశ్యంతో పాటు ఆంగ్లంలో షాట్ లిస్ట్ అనే కాగితం వస్తుంది: మొదటి షాట్‌లో ఏముంది, ఎక్కడ, ఏ తేదీన తీశారు, మాట్లాడుతున్న మనిషి ఎవరు, ఏ దేశపు ఛానెళ్లు దీన్ని వాడకూడదు అని వరుసగా రాసి ఉంటుంది. నా ముందుకు వచ్చే క్లిప్ ఒక్కోసారి నలభై సెకన్లకు మించదు. బులెటిన్ ప్రొడ్యూసర్‌కు మాత్రం మూడు నిమిషాలు కావాలి. అప్పుడు ఎడిటింగ్ గది నుంచి వచ్చే ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే: “లూప్‌లో తిప్పనా, ఫైల్ షాట్స్ కలపనా?” ఒక రాత్రి బాంబు దాడి వార్తకు నేనే పాత దృశ్యాలు కలపమన్నాను, కింద ‘ఫైల్ దృశ్యాలు’ అన్న అక్షరాలు వేయించడం మరిచిపోయాను. పావుగంటలో రాజాం నుంచి ఒక పెద్దాయన డెస్కుకు ఫోన్ చేసి, “మా తమ్ముడు అక్కడ తొమ్మిదేళ్లు పనిచేశాడు బాబూ, మీరు చూపిస్తున్నది ఆ ఊరు కాదు, అక్కడ సముద్రం లేదు” అన్నారు. ఆయన చెప్పింది నిజం. సవరణ వేద్దామని అడిగితే, వార్త దాటిపోయింది కదా, వదిలేయమన్నారు. వదిలేశాను.

ఇక మీరు అడిగిన మూడు సంగతులకు కెమెరా కూడా అక్కర్లేదు. ఆ స్థావరం పేరు అల్ ఉదీద్. అది దోహా నగరంలో లేదు, నైరుతి దిశగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఎడారిలో ఉంది. ఖతార్ తన గగనతలాన్ని ఆ సాయంత్రమే మూసివేసి, అర్ధరాత్రి దాటాక తెరిచింది. ఇళ్లలోనే ఉండి జాగ్రత్త పడాలని దోహాలోని భారత రాయబార కార్యాలయం అదే రాత్రి మనవాళ్లకు సూచన ఇచ్చింది. క్షిపణులలో దాదాపు అన్నింటినీ గాలిలోనే కూల్చేశారు, ఎవరూ చనిపోలేదు. పైగా అల్ జజీరా అనే అంతర్జాతీయ ఛానెల్ ప్రధాన కార్యాలయం ఉన్నదే దోహాలో. ఇవన్నీ తెలుగు డెస్కులో కూర్చున్న మనిషి ముందున్న కంప్యూటరులో ఉచితంగా దొరికేవే. వాటిని వెతకకపోవడానికి డబ్బు లేకపోవడం కారణం కాదు. ఆ రాత్రి బులెటిన్ రాస్తున్నవారి మనసులో కవిటిలో మేలుకుని ఉన్న ప్రేక్షకురాలు లేదు, అంతే.

ఈ మాట నిష్ఠూరంగా వినిపించవచ్చు. అదే సంవత్సరం సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం కొత్త హెచ్‌-1బీ వీసా దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము పెట్టినప్పుడు అవే ఛానెళ్లు ఎంత చురుకుగా పనిచేశాయో గుర్తు చేసుకోండి. అమెరికా నుంచి ప్రవాస తెలుగువారు వీడియో కాల్‌లో వచ్చారు, ఇమిగ్రేషన్ లాయర్లు వచ్చారు, ఇప్పటికే అక్కడున్నవారికి ఇది వర్తిస్తుందా అన్న ప్రశ్నకు గంట గంటకూ జవాబు చెప్పారు. అది మంచి పనే. మన ఛానెళ్లకు విదేశీ వార్త చేయడం రాదన్న మాట అబద్ధమని తేలింది. కాకపోతే డాలస్‌లో కొడుకున్న ఇల్లు ఫ్లాట్లు, నగలు, కాలేజీ సీట్లు కొనే ఇల్లు. ప్రకటనదారుకు కావలసింది ఆ ఇల్లే. దోహాలో కొడుకున్న ఇల్లు ఆ లెక్కలోకి రాదు. వ్యాపార ఛానెల్ గీసుకున్న ప్రపంచ పటంలో దేశాల పరిమాణం ప్రకటనదారు చూపును బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది.

ప్రశ్న: 1989లో శుక్రవారం రాత్రుళ్లు దూరదర్శన్‌లో ‘ది వరల్డ్ దిస్ వీక్’ చూసి, మర్నాడు తరగతిలో పిల్లలకు బెర్లిన్ గోడ గురించి చెప్పేవాణ్ణి. ఇప్పుడు వంద ఛానెళ్లున్నా అలాంటి అరగంట దొరకడం లేదు. ఈ దుస్థితి మనకేనా, అమెరికాలో కూడా ఇంతేనా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, బొబ్బిలి)

జవాబు: మాస్టారూ, మీరు తలచుకున్న కార్యక్రమాన్ని తయారు చేసింది ఒక ప్రైవేటు సంస్థే. ప్రణయ్ రాయ్ బృందం 1988 నుంచి దూరదర్శన్ కోసం దాన్ని అందించింది. దృశ్యాలు చాలా మటుకు అప్పుడూ విదేశీ ఏజెన్సీలవే. తేడా ఏమిటంటే, వారానికి ఒకసారి కనుక వాటిని కూర్చి, ముందూ వెనకా చెప్పి, పటం చూపించే తీరిక ఉండేది. రెండోది, బొబ్బిలిలో ఆ రాత్రి మార్చుకోవడానికి వేరే ఛానెల్ లేదు.

అమెరికా కథ ఇంకా పెద్దది. అక్కడి మూడు పెద్ద వ్యాపార నెట్‌వర్కులు ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ. సీబీఎస్, ఎన్‌బీసీ 1963 సెప్టెంబరులో తమ సాయంకాలపు వార్తలను పావుగంట నుంచి అరగంటకు పెంచాయి, కొన్నేళ్లకు ఏబీసీ కూడా అదే చేసింది. ప్రజలకు చెందిన ప్రసార తరంగాలను వాడుకుంటున్నందుకు ప్రజాప్రయోజనం కోసం ఏదో ఒకటి చేస్తున్నామని ప్రభుత్వానికి చూపించాలి. ఆ చూపించేది వార్తలే. వార్తల విభాగం నష్టంలో నడిచినా, వినోద కార్యక్రమాల లాభం దాన్ని మోసేది. వియత్నాం యుద్ధకాలంలో సైగాన్‌లో తీసిన ఫిల్మ్ డబ్బాలను విమానంలో పంపి, ఒకటి రెండు రోజుల తరువాత ప్రసారం చేసేవారు. అంత ఖర్చునూ భరించారు.

1985, 1986 సంవత్సరాలలో ఈ మూడు నెట్‌వర్కుల యాజమాన్యమూ చేతులు మారింది. ఏబీసీని క్యాపిటల్ సిటీస్ అనే సంస్థ కొన్నది. ఎన్‌బీసీ జనరల్ ఎలక్ట్రిక్ చేతికి వెళ్లింది. సీబీఎస్ పగ్గాలు లారెన్స్ టిష్ అనే పెట్టుబడిదారు పట్టుకున్నాడు. కొత్త యజమానులు వార్తల విభాగాన్ని కూడా మిగతా విభాగాలలాగే తన ఖర్చు తానే సంపాదించుకోమన్నారు. 1987 మార్చిలో సీబీఎస్ న్యూస్ ఒక్కటే 200 మందికి పైగా ఉద్యోగులను తొలగించింది. ఆ తరువాత విదేశీ బ్యూరోలు, అంటే ఆయా దేశాల్లో విలేకరులుండే కార్యాలయాలు, ఒకదాని వెంట ఒకటి మూతపడ్డాయి. లండన్‌లో కూర్చున్న విలేకరి, ఆఫ్రికాలోనో ఆసియాలోనో ఏజెన్సీ తీసిన దృశ్యానికి తన గొంతు కలపడం మామూలైపోయింది. నేను హైదరాబాదులో చేసిన పనే అది, కాకపోతే ఆయన కోటు వేసుకుని చేస్తాడు.

దాని ఫలితం 1994లో కనిపించింది. ఏప్రిల్ నుంచి జూలై వరకు సుమారు వంద రోజుల్లో రువాండాలో ఎనిమిది లక్షల మందిని చంపారని అంచనా. ఆ ఏప్రిల్‌లోనే దక్షిణాఫ్రికాలో మండేలా గెలిచిన ఎన్నికలు జరగడంతో ఆఫ్రికాకు వెళ్లిన పెద్ద విలేకరులు చాలామంది అక్కడే ఉన్నారు. జూన్ 17న అమెరికన్ నెట్‌వర్కులు చూపించినది లాస్ ఏంజెలెస్ రహదారి మీద, హత్యారోపణ ఎదుర్కొంటున్న మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు ఓ.జె. సింప్సన్ కూర్చున్న తెల్లకారు వెనుక పోలీసు కార్లు మెల్లగా వెళ్లడం. సుమారు 9 కోట్ల 50 లక్షల మంది దాన్ని చూశారు. కెమెరా హెలికాప్టర్లో ఉంటే ఖర్చు తక్కువ, రువాండా రాజధాని కిగాలీలో ఉంటే ఎక్కువ.

తమ సొంత సైన్యం వెళ్లి పోరాడుతున్న దేశమైనా గుర్తుంటుందనుకుంటాం, అదీ లేదు. 2020లో ఆ మూడు నెట్‌వర్కుల వారాంతం కాని సాయంకాల వార్తలన్నీ కలిపితే 14 వేల నిమిషాలకు పైగా అయ్యాయి. అందులో అఫ్గానిస్తాన్‌కు దక్కినవి 5 నిమిషాలు. తాలిబన్లతో అమెరికా ఒప్పందం చేసుకున్నదీ ఆ ఏడాదే, ఫిబ్రవరి 29న, కవిటి అమ్మగారి అబ్బాయి ఉంటున్న దోహాలోనే. మర్నాటి ఏడాది ఆగస్టులో కాబూల్ పడిపోయినప్పుడు మాత్రం విమానాశ్రయం దృశ్యాలు రోజంతా తిరిగాయి. అప్పటిదాకా ఎవరూ ఏమీ చెప్పని వీక్షకుడికి అది పిడుగుపాటులా అనిపించడంలో వింత ఏముంది?

సీఎన్‌ఎన్ సంగతి అడుగుతారని ఊహించి ముందే చెబుతున్నాను. టెడ్ టర్నర్ 1980 జూన్ 1న దాన్ని ప్రారంభించాడు. 1991లో బాగ్దాద్ మీద బాంబులు పడుతున్నప్పుడు అల్ రషీద్ హోటల్ నుంచి ముగ్గురు విలేకరులు మాట్లాడిన ఆ రాత్రి దాని పేరు ప్రపంచమంతా మోగింది. అయితే 24 గంటలూ నింపవలసి వచ్చినప్పుడు, దూరదేశానికి మనిషిని పంపడం కంటే స్టూడియోలో నలుగురిని కూర్చోబెట్టి వాదులాడించడం చౌక అన్న పాఠాన్ని కూడా ఆ 24 గంటల వార్తా ఛానెళ్లే నేర్చుకున్నాయి. మనవాళ్లు ఆ రెండో పాఠాన్నే ముందు నేర్చుకున్నారు.

ప్రశ్న: “విదేశీ వార్తలు జనం చూడరు, అందుకే వేయరు” అని మా కాలేజీలో ఒక సార్ అన్నారు. నిజమేనా? (డిగ్రీ విద్యార్థిని, శ్రీకాకుళం)

జవాబు: మీ సార్ చెప్పింది ఛానెళ్ల వాళ్లు ఎప్పుడూ చెప్పే మాటే, అందులో కొంత నిజం ఉంది. కానీ జనం చూడరని ఎలా తేల్చారన్నది అడగాలి. దేశంలో 20 కోట్లకు పైగా ఇళ్లలో టీవీలుంటే, ఎవరు ఏ ఛానెల్ చూస్తున్నారో లెక్కగట్టే బార్క్ సంస్థ 2025 నాటికి మీటర్లు పెట్టింది సుమారు 58 వేల ఇళ్లలో. 2020 అక్టోబరు నుంచి 2022 మార్చి దాకా వార్తా ఛానెళ్లకు రేటింగులు ఇవ్వడం నిలిపివేశారు. రేటింగుల భయం లేని ఆ ఏడాదిన్నరలో విదేశీ వార్తలు పెరిగాయా అంటే, నేను చూసినంతలో పెరగలేదు. కాబట్టి మీటరు ఒక్కటే ముద్దాయి కాదు. అలవాటు కూడా ముద్దాయే.

చూపిస్తే చూస్తారనడానికి 1984 అక్టోబరు 23 నాటి సంగతి ఉంది. ఇథియోపియా కరవు గురించి అప్పటికే కొందరు హెచ్చరిస్తున్నా అమెరికన్ నెట్‌వర్కులు పెద్దగా పట్టించుకోలేదు. కెన్యాకు చెందిన కెమెరామన్ మొహమ్మద్ అమీన్ తీసిన దృశ్యాలను తన విలేకరి మైకేల్ బ్యూర్క్ వ్యాఖ్యానంతో బీబీసీ ప్రసారం చేసింది. అదే సాయంత్రం ఎన్‌బీసీ కూడా వాటిని వేసింది. ఆ తరువాత ప్రపంచం నలుమూలల నుంచి విరాళాలు వెల్లువెత్తాయి. ఆ ముందురోజు ‘చూడరు’ అనుకున్న ప్రేక్షకులే వీరు.

ప్రకటనల మీద బతికే ఛానెల్ అయితే తప్పనిసరిగా ఇలాగే ఉంటుందని కూడా అనుకోకండి. బ్రిటన్‌లో 1982లో మొదలైన ఛానెల్ 4 ప్రజల ఆస్తి, నడిచేది మాత్రం ప్రకటనల రాబడి మీద. దాని సాయంకాల వార్తలలో విదేశాలకు చోటు ఉంటుంది, ఎందుకంటే చట్టమూ లైసెన్సూ దాని మీద బాధ్యత పెట్టాయి. మన దేశంలో గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు వేయరాదన్న నియమం ఉంది (అది ఎంత బాగా అమలవుతోందో గడియారం పెట్టుకుని మీరే చూడవచ్చు). 2022 నవంబరులో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు ఛానెళ్లు రోజుకు 30 నిమిషాలు జాతీయ ప్రాముఖ్యం ఉన్న విషయాలకు ఇవ్వాలన్నాయి. విద్య, వ్యవసాయం, ఆరోగ్యం, పర్యావరణం వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. పొరుగు దేశాల వార్తలు అందులో లేవు.

ప్రశ్న: మా జీడి ఫ్యాక్టరీలకు వచ్చే పిక్కల్లో చాలా భాగం ఆఫ్రికావి. ఐవరీ కోస్ట్‌లో ఎన్నికలు, బెనిన్‌లో ఎగుమతి ఆంక్షలు మాకు ధరల రూపంలో తగులుతాయి. వీటిని చూపించే ఛానెల్ ఏదైనా చెప్పగలరా? (జీడి వ్యాపారి, పలాస)

జవాబు: తెలుగు ఛానెళ్లలో వెతకకండి. ముడి పిక్కలను బయటకు పంపడం తగ్గించి, తమ దగ్గరే పప్పు తీయించుకోవాలని ఆ దేశాలు చాలాకాలంగా ప్రయత్నిస్తున్నాయి; పలాస బట్టీల భవిష్యత్తుతో ముడిపడిన ఆ సంగతిని మన టీవీలో ఒక్కసారి కూడా నేను చూడలేదు. బీబీసీ వరల్డ్ సర్వీస్ ఆఫ్రికా వార్తలు, ఫ్రెంచ్ ప్రభుత్వ సొమ్ముతో నడిచే ఆర్‌ఎఫ్‌ఐ ఆంగ్ల విభాగం మీ ఫోన్‌లో దొరుకుతాయి. రెండూ వ్యాపార సంస్థలు కావు.

ప్రశ్న: 2025 మే 8 రాత్రి కరాచీ రేవు ధ్వంసమైందని టీవీలో విని వీధిలో అందరినీ లేపాను. తెల్లారి చూస్తే అది అబద్ధం. నవ్వులపాలయ్యాను. (ఒక పాఠకుడు, విజయనగరం)

జవాబు: మీరొక్కరే కాదు, ఆ రాత్రి అలా అందరినీ లేపినవారు దేశమంతా ఉన్నారు. ఇస్లామాబాద్ పడిపోయిందని కూడా కొన్ని ఛానెళ్లు చెప్పాయి. స్టూడియోల్లో వైమానిక దాడి సైరన్ మోగించడం మానుకోమని కేంద్ర హోంశాఖ విభాగం సలహా ఇవ్వవలసి వచ్చింది. కరాచీలో నిజంగా ఏం జరిగిందో చూసి చెప్పడానికి అక్కడ మన విలేకరి లేడు. పాకిస్తాన్‌లో మిగిలిన చివరి ఇద్దరు భారతీయ విలేకరులను, ఒకరు ఆంగ్ల దినపత్రిక వారు, మరొకరు పీటీఐ వార్తాసంస్థ వారు, 2014 మేలో అక్కడి ప్రభుత్వం వెళ్లిపొమ్మంది. ఇద్దరూ టీవీ వారు కారన్నది గమనించండి. చూసే మనిషి లేని చోట వాట్సాప్ ఫార్వర్డ్ విలేకరి అవుతుంది.

ప్రశ్న: 2018 నవంబరులో మా తీరపు ఊళ్ల వాళ్లను గుజరాత్ దగ్గర పాకిస్తాన్ వాళ్లు పట్టుకున్నప్పుడు టీవీ వాళ్లు వచ్చారు. 2020 జనవరిలో 20 మంది వాఘా దాటి వచ్చినప్పుడు మళ్లీ వచ్చారు. మధ్యలో పదమూడు నెలలు మా గుమ్మాల్లోకి ఎవరూ రాలేదు. ఎందుకండీ? (ఒక మత్స్యకార యువకుడు, ఎచ్చెర్ల మండలం)

జవాబు: కరాచీ జైలులో ఉన్న మనిషి గురించి ‘ఈరోజు కూడా అక్కడే ఉన్నాడు’ అన్నది డెస్కు లెక్కలో వార్త కాదు. పట్టుకోవడం ఒక దృశ్యం, తిరిగి రావడం ఒక దృశ్యం, ఎదురుచూడటానికి దృశ్యం లేదు. పై జవాబులో చెప్పినట్టు అవతలి వైపు నుంచి బొమ్మ వచ్చే దారీ లేదు. ఇక మీ ఊరి వైపు నుంచి చూస్తే, వేట గిట్టుబాటు కాక గుజరాత్‌లోని వేరావల్ రేవుకు వెళ్లి నెలల తరబడి పడవల మీద ఉండే మనుషుల కథ స్ట్రింగర్‌కు తెలియనిది కాదు. అతను ఫోన్ చేసి చెబితే హైదరాబాదు డెస్కు అడిగేది, “కొత్తగా ఏమైనా ఉందా?” అనే.

కొత్తది ఏడాదికి రెండుసార్లు ఉంటుంది, అది చాలామంది విలేకరులకే తెలియదు. రెండు దేశాల మధ్య 2008లో కుదిరిన ఒప్పందం ప్రకారం, ప్రతి జనవరి 1న, జూలై 1న భారత్, పాకిస్తాన్ తమ జైళ్లలో ఉన్న అవతలి దేశపు ఖైదీల, మత్స్యకారుల జాబితాలను ఇచ్చిపుచ్చుకుంటాయి. ఎంతమంది మత్స్యకారులు ఉన్నారో ఆరోజే మన విదేశాంగ శాఖ ప్రకటనలో వస్తుంది. వీసా అక్కర్లేదు, ఏజెన్సీ చందా అక్కర్లేదు. ఆ అంకె పట్టుకుని మీ ఊరి ఒడ్డున ఇద్దరితో మాట్లాడితే ఒక ఐటెమ్ అవుతుంది. ఈసారి జాబితా వచ్చిన ఉదయం మీ మండల స్ట్రింగర్‌కు మీరే ఫోన్ చేయండి. అతనికి ఐటెమ్‌కు ఇంతని లెక్క కనుక, వస్తాడు.